మొదలు ఆరనివ్వకండి

మా బాపట్ల వైపు క్రిస్మస్ ట్రీ అంటే సరుగుడు కొమ్మే. తోటలో అడిగి తెచ్చుకుని, ఇసుక నింపిన బకెట్లో గుచ్చి, ఇసుక తడిసేలా రెండు చెంబులు నీళ్ళు పోసేవాళ్ళం. గుర్తొస్తే మధ్యలో ఇంకో చెంబు. సముద్రపు గాలిలో తేమ ఉంటుంది కాబట్టి అంతమాత్రానికే అది పండగ దాటేదాకా పచ్చగా ఉండేది. చెట్టు గురించి నాకున్న జ్ఞానమంతా అదే. దాన్నే అరిజోనాకు మోసుకొచ్చాను.

ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఇల్లు తీసుకున్నాక, పిల్లలు పట్టుబడితే ప్లాస్టిక్ చెట్టు మానేసి నిజం చెట్టు కొన్నాం. నోబుల్ ఫర్ అనే రకం. ఎక్కడో ఆరెగాన్‌లో చల్లటి వానల్లో పెరిగిన చెట్టు. ఇలాంటివాటిని నవంబరులోనే నరికి, వలల్లో బిగించి, లారీల మీద వెయ్యి మైళ్ళకు పైగా దక్షిణానికి దింపుతారు. మనం డబ్బు కట్టే వేళకే దాని దాహం మొదలై చాలా కాలమై ఉంటుంది. నేనవేమీ ఆలోచించలేదు. వాసన బావుంది, కొమ్మలు బొమ్మలు వేలాడదీయడానికి గట్టిగా ఉన్నాయి, చాలనుకున్నాను. అమ్మే ఆయన మొదలు కోసివ్వమంటారా అని అడిగారు. ఎత్తు తగ్గిపోతుందని వద్దన్నాను.

ఇంటికొచ్చాక స్టాండ్ గిన్నెలో నీళ్ళు నింపాను. మర్నాడు చూస్తే నీళ్ళు దాదాపు అలాగే ఉన్నాయి. ఆ తర్వాతా అంతే. చెట్టుకు కావలసినంత నీరు ఉందన్నమాట అని సంతోషించాను. నిజానికి అది తాగలేకపోతోంది. నరికిన మొదలుకు గాలి తగిలితే కొన్ని గంటల్లోనే జిగురు ఊరి మూసుకుపోతుంది. లోపల నీటిని పైకి చేర్చే సన్నని గొట్టాల్లో గాలి చేరుతుంది. ఆ తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా పైకి ఎక్కవు. అందుకే ఇంటికి తెచ్చేముందు మొదలు దగ్గర అరంగుళం నుంచి అంగుళం మందాన, వాలు లేకుండా అడ్డంగా, ఒక బిళ్ళ కోయించాలి. కోసిన చోట కొబ్బరి ముక్కలా తెల్లగా, తడిగా కనపడాలి. కోసిన వెంటనే నీళ్ళలో పెట్టాలి. దారి దూరమైతే కారు మీది చెట్టుకు దుప్పటి కప్పి తీసుకెళ్ళాలి. ఫ్రీవే మీద వేగానికి ఆ పొడిగాలి ఆకుల్లో ఉన్న కాస్త తడినీ లాగేస్తుంది.

చెట్టు పెట్టిన చోటు కూడా తప్పే. దక్షిణం కిటికీ పక్కన పెట్టాను, వీధిలోంచి అందంగా కనపడుతుందని. డిసెంబరులో సూర్యుడు కిందుగా నడుస్తాడు. ఆ కిటికీలోంచి ఎండ సగం గది దాకా వచ్చి రోజంతా చెట్టు మీదే పడేది. పైన సరిగ్గా హీటర్ వెంట్ ఉంది. ఎడారి కదా, హీటర్ ఎందుకని మన ఊళ్ళో అడుగుతారు. ఫీనిక్స్‌లో డిసెంబరు రాత్రులు ఏడెనిమిది డిగ్రీలకు దిగుతాయి. అసలే తేమ లేని గాలిని హీటర్ వేడి చేస్తే అది మరీ పొడిబారుతుంది. మన పెదవులు పగిలే గాలిలో ఆరెగాన్ చెట్టు ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఓ రాత్రి లైట్లు ఆపబోతుంటే టైల్స్ మీద ఆకులు రాలిన చప్పుడు వినపడింది. కొమ్మ మీద చెయ్యి వేసి మెల్లగా లాగితే గుప్పెడు ఆకులు చేతిలోకి వచ్చాయి. పచ్చగానే ఉన్నాయి, కానీ తడి లేదు. అమ్మకు ఫోన్ చేస్తే “ఇసుకలో పెట్టి తడుపుతూ ఉండవే” అంది. ఇంకెవరో చెబితే నీళ్ళలో పంచదార వేశాను, ఆస్పిరిన్ కూడా కలిపాను. మూసుకుపోయిన మొదలుకు ఏది కలిపితే మాత్రం ఏం లాభం? నీళ్ళు అందే చెట్టుకైనా ఇవేవీ అక్కర్లేదు, మామూలు కుళాయి నీళ్ళు చాలు. ఆకుల మీద నీళ్ళు చల్లితే ఈ గాలిలో నిమిషాల్లో ఆరిపోతాయి. పైగా లైట్లున్న చెట్టు మీద చల్లడం ప్రమాదం.

పండగకు ముందే దాన్ని బయట పెట్టేశాం. చిన్నవాడు బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా తీసి డబ్బాలో సర్దాడు గానీ ఒక్క మాట మాట్లాడలేదు. కోప్పడినా బావుండేదనిపించింది.

మరుసటి ఏడు మొదలు కోయించాను, వెంట్‌కు దూరంగా నీడ గోడకు పెట్టాను. చెట్టు మొదటి రోజే గిన్నె ఖాళీ చేసింది. ఆ వారాంతం స్నేహితుల ఇంటికెళ్ళి వచ్చేసరికి గిన్నె అడుగు పొడిగా ఉంది, మొదలు మీద జిగురు పెచ్చు కట్టింది. అప్పుడు లెక్క తెలిసింది. మొదలు అడ్డుకొలత అంగుళానికి రోజుకు సుమారు లీటరు నీళ్ళు కావాలి. నాలుగంగుళాల మొదలుకు నాలుగు లీటర్లన్నమాట. నా స్టాండ్ అందులో సగం కూడా పట్టదు. స్టాండ్‌లో ఇమడడానికి బెరడు చెక్కడం ఇంకో పొరపాటు. నీటిని బాగా పీల్చేది ఆ బెరడు కిందున్న బయటి పొరలే.

ఇప్పుడు పెద్ద గిన్నె ఉన్న స్టాండ్ వాడుతున్నాను. చెట్టు తేగానే ఒక రాత్రి ఇంటి ఉత్తరం వైపు నీడలో నీళ్ళ బకెట్లో ఉంచి, అప్పుడు లోపలికి తెస్తాను. పొద్దున, పడుకునేముందు వేలు ముంచి నీటి మట్టం చూస్తాను. ఆ గదికి గాలి వదిలే వెంట్ మూసేస్తాను. వేడెక్కని ఎల్ఈడీ లైట్లే వేస్తాను. కొనేటప్పుడు ఎండలో ఆరబెట్టినవి కాకుండా, షెడ్డు నీడలో, మొదళ్ళు నీళ్ళలో పెట్టి అమ్మేవాళ్ళ దగ్గరే తీసుకుంటాను. చెట్టును ఎత్తి నేల మీద ఒకసారి కొడితే పచ్చ ఆకులు రాలకూడదు. లోపలి గోధుమరంగువి రాలితే ఫరవాలేదు. ఇంత శ్రద్ధ పెట్టలేనివాళ్ళు కుండీలో బతికున్న ఎల్డారికా పైన్ కొనుక్కోవడం నయం. అది ఈ ఎడారి ఎండకు ఓర్చుకుంటుంది. లోపల వారం పది రోజులకు మించి ఉంచకుండా తర్వాత పెరట్లో నాటవచ్చు, ముప్పై నలభై అడుగులు ఎదిగే చోటుంటేనే.

ఆకులు రాలడం ఊడ్చుకుంటే పోయే సంగతి కాదు. అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ చేసిన అగ్ని పరీక్షల్లో ఎండిన చెట్టు అంటుకుంటే నిమిషంలోపే గదంతా మంటల పాలైంది. రోజూ నీళ్ళు తాగిన చెట్టు అంత సులువుగా అంటుకోదు. మా పిల్లలు మొదటి ఏడు ఎండిన ఆ చెట్టు పక్కనే పరుపులేసుకుని పడుకునేవాళ్ళు.

కాబట్టి ఫీనిక్స్‌లోనో, టూసాన్‌లోనో, లాస్ వేగాస్‌లోనో ఉన్న మనవాళ్ళకు ఒక విన్నపం. గిన్నెలో నీళ్ళు తగ్గడం మానేసి, పచ్చ ఆకులు పట్టుకుంటేనే రాలిపోతున్నాయంటే తారీఖు చూడకండి. క్రిస్మస్ ముందు రోజైనా సరే, లైట్లు విప్పేసి చెట్టును బయట, గోడలకు దూరంగా పెట్టేయండి.