గేట్లెత్తితే గిరాకీ... కోడి రాకుంటే?

నాగార్జునసాగర్ గేట్లెత్తారని టీవీలో రావడమే ఆలస్యం... ఆదివారం కార్లన్నీ అటే! మేమూ బయల్దేరాం. హాలియా దాటి పెద్దవూర చేరేసరికి కడుపులో ఎలుకలు. రోడ్డు పక్కన ఫాస్ట్‌ఫుడ్ బండి, భగ్గుమనే మంట మీద పెద్ద కడాయి, చికెన్ ఫ్రైడ్‌రైస్ వాసన. ఇంక ఆగగలమా?

ప్లేటు చేతికొచ్చేలోపు బండాయనతో మాట కలిపాను.

"గేట్లు తెరిస్తే మస్తు గిరాకీ సార్. దించితే ఈగలు తోలుకునుడే. ఎంత చికెన్ తేవాల్నో తెల్లారి లేచి డ్యామ్ కబురు చూసే చెప్త" అన్నాడు. బియ్యానికి బెంగ లేదట. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లకు మిర్యాలగూడ మిల్లులు దగ్గరేగా! చిక్కంతా కోడితోనే.

2025 ఫిబ్రవరి గుర్తుందా? గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ బయటపడింది. అటు నుంచి వచ్చే కోళ్ల లారీలను కోదాడ దగ్గర రామాపురం క్రాస్‌రోడ్డులో ఆపి వెనక్కి పంపారు. 70 డిగ్రీల వేడికి పైన బాగా ఉడికితే వైరస్ బతకదని అధికారులు ఎంత చెప్పినా జనం చికెన్ వంక చూడలేదు.

"మాది ఈడి కోడే అంటే నమ్మినోళ్లు లేరు. నెలంత గోబీ, నూడుల్స్ మీదనే నడిపిన. ఇంట్ల ఆమె చిట్టీ పైసలు ఖర్చయినయ్."

అప్పట్నుంచి ఒక్క దుకాణం మీదే ఆధారపడటం మానేశాడట. హాలియాలో ఒకరు, ఊళ్లో ఒకరు. ఇద్దరి దగ్గరా ఖాతా.

ఈ తెలివి పెద్దవాళ్లకూ ఉండదు సుమా! 2018 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో కేఎఫ్‌సీ సరుకు రవాణాను కొత్త సంస్థకు అప్పగించింది. సరుకంతా ఒకే గోదాము నుంచి రావాలి. రాలేదు. కోడి ముక్క లేక వందల దుకాణాలు మూతపడ్డాయి. మనదేశంలో 2023 జులైలో టమాటా మండిపోయినప్పుడు ఉత్తరాది మెక్‌డొనాల్డ్స్ దుకాణాలు చాలావరకు బర్గర్‌లో టమాటా తీసేశాయి. వాళ్లకైతే ఆ నష్టం లెక్కల పుస్తకంలో ఒక వరుస. ఈయనకు పిల్లల ఫీజు!

రోగాలొక్కటేనా? 2024 సెప్టెంబరు 1న వానలకు నడిగూడెం మండలంలో ఎడమ కాలువకు గండి పడింది. అదే సమయంలో నందిగామ దగ్గర విజయవాడ హైవే మీదకు వరద వచ్చి బండ్లు నిలిచిపోయాయి.

సాగర్ చూసుకుని చీకటి పడ్డాక తిరిగొస్తూ మళ్లీ ఆగాం. "చికెన్ ఒడిసింది సార్, ఎగ్ చెయ్యనా?" అన్నాడు, ఫోన్‌లో రేపటి నీటిమట్టం వెతుక్కుంటూ.