తిట్లు తనకి, దండలు వాళ్లకి

ఇంజనీరింగ్ పిల్లలకి లెక్కలొస్తే చాలదట, నాయకత్వం కూడా రావాలిట! నిజమే. లెక్కలూ బొమ్మలూ కంప్యూటరే చేసిపెట్టే రోజులాయె. పదిమందిని కలుపుకుని పని నడపడం మనిషికి మిగిలింది.

మా మేనకోడలి కాలేజీలో అందుకూ ఓ క్లాసుంది. ఎలా నిలబడాలో, ఎలా మాట్లాడాలో నేర్పారు. తీరా వాళ్ల జట్టు చేసిన బుల్లి బండి మేష్టారి ముందు మొరాయించింది. జట్టుకి నాయకురాలు మా పిల్లే. "వైర్లు అతికిన కుర్రాడి పేరు చెప్పెయ్యనా అత్తా?" అని ఒకటే గుంజాటన.

శ్రీహరికోట సంగతి చెప్పాను. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు సముద్రంలో పడింది. ఆ పని నడిపినవారు అబ్దుల్ కలాం. అయినా విలేకరుల ముందు కూర్చుని జవాబు చెప్పుకున్నది ఇస్రో అధ్యక్షులు సతీష్ ధావన్. 1980 జూలై 18న అదే రకం రాకెట్టు రోహిణిని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు మాత్రం మాట్లాడమని కలాంగారిని ముందుకు పంపారు. ఈ కథ ఆయనే ఎన్నోచోట్ల చెప్పుకున్నారు.

"అయితే మేష్టారి దగ్గరకి నేనే వెళ్లాలన్నమాట!" అని నిట్టూర్చింది పిల్ల.

కూర కుదిరితే వంకాయలు లేతవనీ, మాడితే వండినావిడ పరధ్యానమనీ అనే ఇళ్లలో పెరిగిన పిల్లలకి ఈ పాఠం కాలేజీలో మొదలుపెడితే కాస్త ఆలస్యమే సుమండీ!