దిగే మెట్టు

పేకాట అనగానే మన ఆడవాళ్లం మొహం చిట్లిస్తాం. "కొంపలు తీసే ఆట" అంటాం. అంటూనే శివరాత్రి జాగారానికి చాప పరిచి, చింతగింజలు పందెం కాసి, తెల్లవార్లూ రమ్మీ ఆడతాం. గింజల మీద ఆడితే కాలక్షేపం, రూపాయల మీద ఆడితే జూదం. ఇదీ మన లెక్క. సుప్రీంకోర్టు లెక్క వేరు. సికిందరాబాదు క్లబ్బు ఒకదాని కేసులో, రమ్మీలో అదృష్టం కంటే నేర్పుదే పైచేయి అని 1967లో తీర్పు చెప్పింది. మా ఇంట్లో మగవాళ్లకి పెళ్లిరోజు గుర్తుండదు గాని, ఈ తీర్పు మాత్రం కంఠతా వచ్చు.

మేం మదనపల్లెలో వుంటాం. మా పెద్దాడపడుచుది పుంగనూరులో కాపురం. వాళ్లబ్బాయికి కుప్పంలో ఉద్యోగం. 2025 వేసవిలో ఓ రోజు వదిన ఫోను చేసింది.

"అమ్మీ, వాడు ఫోన్లో పేకాట ఆడతాండాడంట. ఇప్పుడు పందెం గూడా పెంచుతాడంట. నా మాట చెవిన పెట్టడు. నువ్వు చెప్తే వింటాడు."

వదిన భయానికి కారణం వుంది. ఆవిడ మామగారు మామిడితోటని పేకాటలో పోగొట్టారు. అది ఒక్క రాత్రిలో పోలేదు. పోయిన పదిని రాబట్టడానికి ఇరవై, ఆ ఇరవైని రాబట్టడానికి నలభై, ఇలా రెట్టిస్తూ పోయారు. కాపురానికొచ్చిన కొత్తల్లో చేత్తో కోసుకున్న కాయల్ని, తర్వాత సంతలో బేరమాడి కొనుక్కుంది వదిన.

ఆ ఆదివారమే అబ్బాయి మా ఇంటికొచ్చాడు. చీవాట్లు తినడానికి సిద్ధపడే వచ్చినట్టున్నాడు, ఎదురు చెప్పకుండా కూర్చున్నాడు. వాడు ఆడేది రమ్మీ కాదు, పోకరు. చేతికి రెండే ముక్కలొస్తాయి. బల్ల మీద పరిచే అయిదు ముక్కలూ అందరికీ ఉమ్మడి. మొత్తం ఏడింట్లో మంచి అయిదింటిని ఏరుకోవాలి. ముక్క బాగోలేదనుకుంటే పారేసి వూరుకోవచ్చు.

"పారేసేది నేర్చుకుంటే సగం ఆట వచ్చినట్టే అత్తా" అన్నాడు.

ఫోన్లో డబ్బు పెట్టి ఆడే పేకాటని మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు. కర్ణాటకలోనూ 2021లో నిషేధం పెట్టారు గాని, 2022లో అక్కడి హైకోర్టు దాన్ని కొట్టేసింది. అందుకని అయ్యగారు శనివారం శనివారం కుప్పంలో రైలెక్కి, బంగారపేటలో స్నేహితుడి గదికి వెళ్లి ఆడతాడట.

"ఇంత అవస్థపడి ఆడాలా నాయనా?" అన్నాను.

"చట్టం తప్పకూడదు కదత్తా!"

నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

అప్పుడు సంచీలోంచి ఓ నోటుపుస్తకం తీశాడు. మన పాలలెక్క పుస్తకం లాంటిదే. వాడు ఆడేది అన్నిటికంటే చిన్న పందెం, రూపాయీ రెండు రూపాయల బల్ల. ఓసారి కూర్చోవాలంటే రెండువందలు కావాలి. అయితే చేతిలో రెండువందలుంటే చాలదట, అలాంటివి ముప్ఫయి, అంటే 6,000 వుంటేనే కూర్చోవాలట. ఎంత బాగా ఆడేవాడికైనా వరసగా కలిసిరాని రోజులుంటాయి కదా. పైబల్లలో కూర్చోవాలంటే అయిదువందలు. ముప్ఫయి రెట్లంటే 15,000. ఏడాదిన్నర ఆడితే వాడి దగ్గర చేరింది 11,400. జీతంలోంచి ఒక్క రూపాయి కలపకూడదని మొదటి పేజీలోనే రాసుకున్నాడు.

"ప్రతి ఆటలోనూ కంపెనీ తన వాటా తీసుకుంటుంది అత్తా. అందుకే ఎక్కువమంది పోగొట్టుకునేవాళ్లే. నాది నేర్పో అదృష్టమో తేలాలంటే ఇంకా వేల ఆటల లెక్క చూడాల."

ఇంత నిజం చెప్పే జూదరిని నేను చూడలేదు.

ఆ పేజీ అడుగున ఎర్రసిరాతో ఒక వాక్యం వుంది. "పైబల్లకి వెళ్లాక 12,000కి తగ్గితే, ఆ రోజే కిందిబల్లకి." ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాను.

ఎక్కడం అందరికీ తెలుసు. మా మదనపల్లె టమాటా మార్కెట్టుని చూడండి. 2023 జులైలో ధర కిలో నూటయాభై దాటింది. అది చూసి రెండెకరాలవాళ్లు మరో నాలుగెకరాలు కౌలుకి తీసుకున్నారు. సెప్టెంబరుకల్లా ధర నేలకి దిగింది. పోనీ మళ్లీ రెండెకరాలతో సరిపెట్టుకున్నారా? "నలుగురూ ఏమనుకుంటారు?" అని అప్పు చేసి ఆరెకరాల్లోనూ నాటినవాళ్లు మా వీధిలోనే వున్నారు. మనం మాత్రం తక్కువ తిన్నామా? అయిదువేల చీటీ నుంచి పదివేల చీటీకి ఎగబాకుతాం. కష్టమొస్తే చేతిగాజులు తాకట్టు పెడతాం గాని, తిరిగి అయిదువేల చీటీకి రాం. పరువు!

వదిన మామగారికీ ఈ కుర్రాడికీ తేడా అక్కడ కనిపించింది నాకు. ఆయన పోయినప్పుడల్లా పందెం పెంచారు. వీడు పోతే తగ్గిస్తానని ముందే రాసిపెట్టుకున్నాడు. పందెం పెంచడానికి ధైర్యం చాలు. తగ్గించుకోవడానికి సిగ్గు విడవాలి.

ఇదే మాట వదినకి ఫోన్లో చెప్పాను. ఆవిడ కాసేపు వూరుకుని, "దిగేదానికి ఎక్కేదెందుకమ్మీ?" అంది. తోట పోయిన మనిషి అడిగిన ప్రశ్న అది. నా దగ్గర జవాబు లేదు.

జవాబు ఢిల్లీ నుంచి వచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి, డబ్బు పెట్టి ఫోన్లో ఆడే ఆటల్ని దేశమంతటా నిషేధించింది. ఇక బంగారపేట వెళ్లినా లాభం లేదు. అప్పటికి వాడి లెక్క పదమూడువేలు కూడా దాటలేదు, పైబల్ల చూడనేలేదు. పన్ను పోను మిగిలింది వెనక్కి తీసుకుని వాళ్లమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ దేవుడి హుండీలో వెయ్యి వేసి, తక్కినదాంతో మిక్సీ కొనుక్కుంది. వాడు దిగుతాడో దిగడో తేలే రోజు రాలేదని నాకు కాస్త లోటుగానే వుంది. ఎర్రసిరాతో రాయడం వేరు, రాసినట్టు నడవడం వేరు కదా.

ఆ నోటుపుస్తకాన్ని నేను అడిగి తీసుకున్నాను. వచ్చే మాఘంలో మా చిన్నమ్మాయి పెళ్లి. పెద్దదాని పెళ్లికంటే ఒక్క పిసరైనా తగ్గకూడదని మావారి పట్టు. పెద్దదాని పెళ్లినాటికి ఆయన ఉద్యోగంలో వున్నారు, ఇప్పుడు పెన్షను. మండపం, భోజనాలు, బట్టలు ఒక్కొక్కటీ వేసి, పేజీ అడుగున ఎర్రసిరాతో ఒక అంకె రాశాను. అది దాటితే చిన్న మండపానికి మారాలని పక్కనే రాశాను. మావారు కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "లెక్క బాగుంది, ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నారు.

బంగారపేట సంగతి ఇంకా ఆయనకి చెప్పలేదు. మీరూ చెప్పకండి.