ఓడ మధ్యలో, కుడిపక్కన

మా రాయవరంలో నీళ్ళంటే కాలవ నీళ్ళే. చేలకు పారే నీళ్ళు, బట్టలుతుక్కునే నీళ్ళు, గేదెలు దిగే నీళ్ళు. సముద్రం చూడాలంటే కాకినాడ పోవాలి, లేదా అంతర్వేది తీర్థానికి వెళ్ళినప్పుడు చూడాలి. అలాంటి ఊళ్ళో ఉంటూ ఓడలో బాల్కనీ ఉన్న గదే కావాలని నేను పేచీ పెట్టానంటే మా వీధిలో ఇప్పటికీ నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. రేపు మీ పిల్లలూ టిక్కెట్లు కొంటామని ఫోను చేస్తారు. అప్పుడు ఏ గది, ఎటుపక్క అని అడగడం మీకు తెలిసి ఉండాలి కదా!

విశాఖపట్నం రేవులో ఓడ ప్రయాణికుల కోసం కట్టిన కొత్త టెర్మినల్‌ని 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. 2025 జులైలో చెన్నై నుంచి విశాఖ, పుదుచ్చేరి తిప్పే విహార ఓడ అక్కడ ఆగుతోందని మా అమ్మాయి బెంగుళూరు నుంచి ఫోను చేసింది. "విశాఖలో ఎక్కి చెన్నైలో దిగుదామమ్మా, మామ్మని కూడా తీసుకెళదాం" అంది.

మామ్మంటే మా అత్తగారు. వయసు 74. మోకాళ్ళ నొప్పులు. ద్వారపూడి దాకా బస్సెక్కినా కడుపులో తిప్పుతుందావిడకి. మా మావగారు పోయి మూడేళ్ళు. అప్పట్నించీ గుమ్మం దాటింది లేదు. పైగా 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పాపికొండల బోటు మునిగిన రోజున టీవీ ముందు కూర్చుని ఏడ్చి, ఇక నీళ్ళమీద ప్రయాణమంటే మాట ఎత్తొద్దన్న మనిషి.

అలాంటి మనిషి ఈసారి వెంటనే వద్దనలేదు. కాస్సేపు ఊరుకుని, "అది అంతర్వేది మీంచి పోతుందా అమ్మాయ్?" అని అడిగింది.

నాకు గొంతు పట్టేసింది. మావగారి అస్థికలు కలిపింది అంతర్వేదిలోనే, వశిష్ట గోదావరి సముద్రంలో కలిసే చోట. ఆ రోజు మగవాళ్ళే వెళ్ళారు. నువ్వు రాకూడదని పెద్దలంటే ఈవిడ ఇంట్లోనే ఉండిపోయింది. ఆ చోటు చూడాలని ఆవిడకుందని మూడేళ్ళలో మాకెవరికీ తట్టలేదు.

సరే, ఇక గది దగ్గరికి వద్దాం. ఓడల్లో గదులు ముఖ్యంగా మూడు రకాలు. కిటికీ కూడా లేని లోపలి గది అన్నిటికన్నా చవక. తర్వాత తెరవడానికి వీల్లేని అద్దం కిటికీ గది. ఆపైన, తలుపు తీసి బయట రెండు కుర్చీల్లో కూర్చునే బాల్కనీ గది. ధరలో మనిషికి వేలల్లో తేడా. "గదిలో ఎవరుంటారు? పగలంతా పైన తిరుగుతాం కదా" అన్నారు మావారు. తిరిగేవాళ్ళకి ఆ మాట నిజమే. మోకాళ్ళు పట్టేసిన మనిషి పైన ఎంతసేపు తిరుగుతుంది? ఆవిడకి ఆ బాల్కనీయే ఓడ, అదే సముద్రం. నా పేచీ అందుకు.

మావారు చివరికి ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక మళ్ళీ, బాగా పైన, ముందు వైపు ఉంటే లోకమంతా కనబడుతుందని ఆయన ఉత్సాహం. అప్పుడు మా అత్తగారు కలగజేసుకుంది. పెళ్ళయిన కొత్తలో రాజమండ్రి నుంచి భద్రాచలం లాంచీ మీద వెళ్ళారట. "ముందు కూర్చుంటే ఎత్తేస్తుందిరా, వెనక్కెళితే ఇంజను ఒళ్ళంతా గిలకొడుతుంది. మీ నాన్నగారు సరంగుని అడిగి మరీ మధ్యలో కూర్చోబెట్టారు నన్ను" అంది.

అమ్మాయి ఓడ పటం తెరిచి, నాలుగైదు చోట్ల చదివి చెప్పిందీ అచ్చంగా ఇదే! అలల మీద ఓడ ముందూ వెనకా లేచి పడుతుంటే అన్నిటికన్నా తక్కువ కదిలేది నడిమి భాగం. ఎత్తు సంగతి మన కొబ్బరిచెట్టుని చూస్తే తెలిసిపోతుంది. మొదలు నిలకడగా ఉంటుంది, మొవ్వు ఊగుతుంది. ఓడలో కూడా పై అంతస్తులకి పోయేకొద్దీ ఊపు ఎక్కువ. అందులో జులై నెల. నైరుతి గాలి రోజులు. విశాఖ నుంచి పుదుచ్చేరి పోయే ఓడ వెళ్ళేదీ నైరుతి దిక్కుకే, అంటే అలలు ఎదురొస్తాయి, ముక్కు లేచి పడుతుంది. ముందు గది తీసుకుని ఉంటే మా అత్తగారి పని ఏమయ్యేదో ఊహించుకోండి. తుఫాన్లు ఎక్కువగా వచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో పెద్దవాళ్ళని అసలు ఎక్కించకపోవడమే మేలని నా అభిప్రాయం. జనవరి నుంచి మార్చి దాకా మన సముద్రం నెమ్మదిగా ఉంటుంది గానీ, ఓడ కూడా అప్పుడే రావాలి కదా.

మేమెక్కినది పాత కాలపు ఓడ. బాల్కనీ గదులు తక్కువ, ఉన్నవీ పై అంతస్తుల్లోనే. కాబట్టి కిందికి వెళ్ళే వీలు లేదు. కనీసం మధ్యలో ఉండాలన్నది మా పట్టు. కొత్త పెద్ద ఓడల్లో అయితే కింది అంతస్తుల్లో కూడా బాల్కనీలుంటాయి, మీకు ఎంచుకునే వీలుంటుంది.

టిక్కెట్లు కోసే కుర్రాడొకడు "ఆంటీ, బాల్కనీ గదే, చవగ్గా ఉంది, ఇదే ఆఖరిది" అని తొందరపెట్టాడు. పటంలో చూస్తే దాని ఎదురుగానే ప్రాణరక్షణ పడవ వేలాడుతోంది! కూర్చుంటే సముద్రం బదులు పడవ అడుగు కనబడుతుంది. అడిగితే తప్ప చెప్పలేదు చూశారా. ఇంకొకటి, గ్యారంటీ గది అని అమ్ముతారు. అంటే రకం మాత్రమే మనది, ఏ గదో వాళ్ళ ఇష్టం. కుర్రకారుకి అది లాభమే. పెద్దవాళ్ళతో వెళితే వద్దు.

గది నంబరు చూసి ఊరుకోకూడదు, దాని నెత్తిమీద ఏముందో, అడుగున ఏముందో కూడా చూడాలి. పైన ఈతకొలను ఉంటే తెల్లారకుండానే కుర్చీలు ఈడుస్తారు. కింద ఆటపాటల హాలుంటే అర్ధరాత్రి దాకా డప్పులు మీ మంచం కిందే. వంటశాల దగ్గరైతే బండ్ల చప్పుడు. పైనా కిందా కూడా గదులే ఉన్న అంతస్తు అన్నిటికన్నా హాయి. లిఫ్టు దగ్గర్లో ఉండాలి గానీ లిఫ్టు ఎదురుగా కాదు. మేము నాలుగు గుమ్మాల అవతల తీసుకున్నాం. పక్క గదికి మధ్య తలుపున్న గదులుంటాయి. రెండు గదులూ మనవే అయితే బంగారం. కాకపోతే పక్కవాళ్ళ గురక కూడా మనకే.

బాల్కనీ పిట్టగోడ దేనితో చేశారో అడగండి. ఇది నాకు మొదట తట్టలేదు. కొన్నిటికి అద్దం, కొన్నిటికి ఇనప రేకు. రేకు అడ్డం ఉంటే నిలబడ్డవాళ్ళకే సముద్రం. కూర్చున్న ముసలావిడకి కనబడేది తెల్ల రంగే. ఫోటోలు పంపించమని అడిగి మరీ అద్దం ఉన్నదే తీసుకున్నాం.

ఇక ఎటుపక్క అన్నది. ఓడ ముక్కు వైపు తిరిగి నిలబడితే మన కుడిచెయ్యి కుడిపక్క, అంతే లెక్క. విశాఖ నుంచి దక్షిణానికి పోతుంటే మన తీరం కుడివైపు, సూర్యాస్తమయం కూడా అటే. సూర్యోదయం కావాలంటే ఎడమ. తిరుగు ప్రయాణంలో ఇదంతా తారుమారు. మాది ఒంటి ప్రయాణం, మాకు కావలసింది అంతర్వేది. కుడిపక్కే తీసుకున్నాం.

సామర్లకోటలో రైలెక్కి విశాఖ చేరాం. అత్తగారి సంచిలో శొంఠి, బెల్లం కలిపి నూరి చేసిన ఉండలు. తిప్పుతుందనిపించకముందే ఒకటి బుగ్గన పెట్టుకోవాలి, తిప్పడం మొదలయ్యాక లాభం లేదు. డాక్టరుగారు రాసిన మాత్ర కూడా ముందే వేశాను. బీపీ, షుగరు మందులు వాడేవాళ్ళు అడక్కుండా ఏ మాత్రా వేసుకోకండి. ఇంటి వంటలు ఓడల్లోకి సాధారణంగా రానివ్వరు, కాబట్టి పులిహోర కలిపే శ్రమ పెట్టుకోవద్దు. ఇస్త్రీ పెట్టె, నీళ్ళు కాచే కెటిలు కూడా ఇంట్లోనే వదిలేయండి.

ఎక్కగానే రక్షణ కసరత్తు జరిగింది. 2012లో ఇటలీ తీరాన కోస్టా కంకార్డియా ఓడ ఒరిగిపోయిన తర్వాత ఓడ కదలకముందే, లేదా కదలగానే ఇది చేసి తీరాలని అంతర్జాతీయ నియమం వచ్చింది. చాలామంది సెల్ఫీలు తీసుకుంటున్నారు. మా అత్తగారు మాత్రం లైఫ్ జాకెట్టు తాళ్ళు ఎలా కట్టాలో రెండుసార్లు కట్టించుకుని చూసింది. మన పడవ ఏదో అడిగి తెలుసుకుంది. అంతా అయ్యాక "గోదావరిలో ఆ రోజున కూడా ఇలా చెప్పుంటే" అంది. కచ్చులూరు ఇంకా ఆవిడ మనసులోంచి పోలేదు. కానీ ఆ కసరత్తు తర్వాత నా చెయ్యి వదిలి నడిచింది.

బాల్కనీలోకి వెళ్ళాక మరో తమాషా. తడి చీర ఆరేయబోయింది. ఆ గాలికి చీర బర్మాకి పోతుందని నవ్వాను. వాళ్ళ తాతగారు కాకినాడలో స్టీమరెక్కి రంగం వెళ్ళారట. గదీ లేదు, మంచమూ లేదు, డెక్కు మీదే చాపా, మూటా, వానొస్తే గుడ్డ పందిరి. "మా తాత చూసిన సముద్రం ఇదేనన్నమాట, నాకు కుర్చీ వేశారు" అని మురిసిపోయింది. ఒక మాట, బాల్కనీ తలుపూ, నడవ తలుపూ ఒకేసారి తియ్యకండి. గాలికి దభీమని కొడితే వేళ్ళు నలుగుతాయి. పిల్లలుంటే కుర్చీలు పిట్టగోడకి దూరంగా జరపండి.

ఊపు లేదనను. రాత్రి పదింటికి మంచం ఉయ్యాలలా కదిలింది. శొంఠి ఉండ అప్పటికే బుగ్గన ఉంది. అన్నం కొంచెమే తిన్నది గానీ వాంతి కాలేదు. ముందు వైపు గదిలో దిగిన ఒక హైదరాబాదు కుటుంబం మర్నాడు మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు.

నేను లెక్కవేసి, అర్ధరాత్రి ప్రాంతంలో కోనసీమ ఎదురుగా ఉంటామని చెప్పాను. పన్నెండు దాటాక ఆవిడని శాలువా కప్పి బాల్కనీలో కూర్చోబెట్టాను. నిజం చెప్పాలంటే ఏమీ కనబడలేదండి. ఓడ తీరానికి చాలా దూరంగా పోతుంది. గుడి లేదు, కొబ్బరితోట లేదు, అంతా చీకటి. ఎక్కడో దూరాన వరసగా దీపాలు మినుకుమన్నాయి, సముద్రంలో గ్యాసు తీసేవాళ్ళవి కాబోలు. ఇంత డబ్బు పోసి కుడిపక్క గది తీసుకుని చీకటి చూపించానే అని నాకు బాధేసింది.

"ఎటు అమ్మాయ్?" అంది.

చెయ్యి చాపి చూపించాను. అటు తిరిగి రెండు చేతులూ జోడించింది. పెదవులు కదులుతున్నాయి, గాలిలో మాట వినబడలేదు. లోపలికి రమ్మంటే, "నువ్వు పడుకో, నేను కాసేపు ఆయనతో ఉండి వస్తా" అంది. తలుపు దగ్గరగా వేసి, లోపల మంచం మీంచి అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను. రెండు గంటలకి తనే లేచి వచ్చింది.

ఇప్పుడు సాయంత్రం అరుగు మీద చేరేవాళ్ళకి ఓడ సంగతులు చెప్పేది ఆవిడే. మొన్న పక్కింటి వాళ్ళబ్బాయి అండమాన్ ఓడకి టిక్కెట్లు చూస్తున్నాడని తెలిసి, అతన్ని పిలిచి కూర్చోబెట్టి మరీ అడిగింది: "మధ్యలో తీసుకున్నావా లేదా నాయనా? నెత్తిమీద ఏముందో చూశావా?"