అండమాన్‌లో మేము చూడనివి

మా గుంతకల్లులో కుళాయి నీళ్లు వచ్చే రోజున ప్రతి ఇంట్లోనూ ఒక క్రమం ఉంటుంది. ముందు తాగేనీళ్ల బిందె నిండాలి. తర్వాత వంటకు, ఆ తర్వాత స్నానాల తొట్టికి. బట్టలు, చెట్లు చివరికి. నీళ్లు ఎంతసేపు వస్తాయో ఎవరూ చెప్పలేరు కాబట్టి ఏది తప్పనిసరో, ఏది లేకపోయినా ఫరవాలేదో ముందే తేల్చుకుని నిలబడాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడే అనంతపురం సీమలో పుట్టిన పిల్లలకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు. అయితే ఇదే లెక్క విహారయాత్రకు కూడా పనికివస్తుందని మాకు 2025 జనవరిలో, చుట్టూ సముద్రం ఉన్న దీవుల్లో తెలిసివచ్చింది.

సంక్రాంతి సెలవుల్లో అండమాన్ వెళ్దామని బయలుదేరింది మేము ఐదుగురం. మేమిద్దరం, ఇంటర్ చదువుతున్న బాబు, ఏడో తరగతి పాప, పిల్లల అవ్వ. అవ్వకు 78 ఏళ్లు. నాలుగు దిక్కులకూ రైళ్లు పోయే జంక్షన్‌లో, ఆ కూతలు వింటూనే బతికిన మనిషి. కానీ సముద్రం ఏనాడూ చూడలేదు. చీటీ డబ్బు చేతికి వచ్చిన రోజున, “ఒక్కసారి సముద్రం చూడల్లప్పా” అంది. అండమాన్ అన్నది మాత్రం బాబు కోరిక.

టికెట్లు కొనిచ్చిన చోట మాకొక కాగితం ఇచ్చారు. అందులో చూడదగినవి, చేయదగినవి పద్నాలుగు ఉన్నాయి. సెల్యులార్ జైలు, రాస్ దీవి, నార్త్ బే, హేవ్‌లాక్, నీల్ దీవి, స్కూబా డైవింగ్, సముద్రం అడుగున నడక, అద్దాల పడవ, బారటాంగ్ గుహలు, బురద అగ్నిపర్వతం, ఇంకా ఏవేవో. మా చేతిలో ఉన్నవి నాలుగు రాత్రులు. గుంతకల్లు నుంచి రాత్రి రైలులో చెన్నై, అక్కడినుంచి రెండు గంటల పైచిలుకు విమానం. దిగే రోజు సగం పోతుంది, తిరుగు ప్రయాణం రోజు మొత్తం పోతుంది. మిగిలేది మూడున్నర రోజులు.

ఇందులోనూ ఒక కోత ఉందని పటం చూశాక తెలిసింది. మన దేశపు గడియారం కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. అండమాన్ దాదాపు 93 డిగ్రీల దగ్గర ఉంది. కాబట్టి మన గుంతకల్లు కంటే సుమారు గంట ముందు అక్కడ పొద్దు పుట్టి, గంట ముందే గుంకుతుంది. జనవరిలో సాయంత్రం ఐదున్నరకల్లా దీపాలు పెట్టాల్సిందే. తీరిగ్గా పదింటికి లేచేవారికి ఆ దీవుల్లో రోజు సగమే.

ప్రయాణానికి ముందు ఆదివారం సాయంత్రం ఆ కాగితం మధ్యలో పెట్టుకుని అందరం కూర్చున్నాము. మేము గంటలు లెక్కపెట్టి పద్నాలుగూ ఇరికించడానికి తంటాలు పడుతుంటే అవ్వ అడిగింది:

“ఏమప్పా, ఇన్నీ చూసేకి మనం పోతుండేది యాత్రకా, పందేనికా?”

అందరం నవ్వాము. తర్వాత పాప ఒక ఉపాయం చెప్పింది. ఒక్కొక్కరూ ఒక్కటి చెప్పాలి. అది వారి తాగేనీళ్ల బిందె. ముందు ఆ బిందెలు నిండాలి. మిగిలినవి వీలైతే సరే, లేకపోతే లేదు.

బాబు స్కూబా డైవింగ్ అన్నాడు. పాప జింకలు తిరిగే రాస్ దీవి అంది. మేమిద్దరం సెల్యులార్ జైలు అన్నాము. అవ్వ కాసేపు ఆలోచించి, “నాకొకటే. ఆ నీళ్ల దగ్గర ఊరికే కూచోవల్ల. బిరీన లేయమని ఎవరూ అనకూడదు” అంది.

ఆ రాత్రే చాలా పేర్లు కొట్టివేశాము. నీల్ దీవికి వెళ్తే హేవ్‌లాక్‌లో నిలిచే సమయం ఉండదు కాబట్టి అది పోయింది. నార్త్ బే ఆటలు, స్కూటర్ లాంటి ఆ నీటి బండి సవారీలు ఒక గంట సరదాకు ఒక పూట తింటాయి కాబట్టి అవీ పోయాయి. పాత ఇరవై రూపాయల నోటు మీది కొబ్బరిచెట్ల తీరం బొమ్మ అక్కడిదేనని పాప బతిమాలింది కానీ, నోటు వెంట తీసుకెళ్లి దూరంనుంచి పోల్చి చూద్దువులే అని ఒప్పించాము. బారటాంగ్ దగ్గర మాత్రం కలం ఆగింది. పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి, నాలుగో రోజు ఖాళీగా ఉంచాము.

మొదటి రోజు మధ్యాహ్నమే సెల్యులార్ జైలుకు వెళ్లాము. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ ఆటోవాళ్లు ఇంకా పాత పేరే పలుకుతున్నారు. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ జైలుకు ఒకప్పుడు ఏడు వరసలు. ఇప్పుడు మూడే నిలిచి ఉన్నాయి. ఒక వరస ముఖం ఇంకొక వరస వీపువైపు ఉండేలా కట్టారు. పక్క ఖైదీ ముఖం కూడా కనబడకూడదని! అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర అండమాన్‌లో ఏళ్ల తరబడి శిక్ష అనుభవించి, తర్వాత 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆ సంగతి చెబితే బాబు గది లోపలికి వెళ్లి కాసేపు మాట్లాడకుండా నిలబడ్డాడు. చీకటి పడ్డాక వెలుగులతో, మాటలతో జైలు కథ చెప్పే ప్రదర్శన ఉంది. దాన్ని వదిలేశాము. అవ్వ రెండు రోజులుగా సరిగా నిద్రపోలేదు.

రెండో రోజు తెల్లవారుజామున ఓడలో హేవ్‌లాక్ చేరాము. 2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్. బాబు బిందె నిండవలసిన రోజు అది. డైవింగ్‌ను చివరి రోజుకు పెట్టుకోకూడదని మేము ముందే తెలుసుకున్నాము. నీటి అడుగున ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని ఒంట్లో కరిగి ఉంటుంది. అది మెల్లగా బయటికి పోవాలి. వెంటనే విమానం ఎక్కితే ప్రమాదం. కనీసం 12 నుంచి 18 గంటలు, వీలైతే పూర్తిగా ఒక రోజు ఎడం ఉండాలంటారు.

ఇంత జాగ్రత్త పడిన మేము ఒక చిన్న సంగతి మరిచాము. రైలులో కిటికీ పక్కన పడుకున్న బాబుకు జలుబు చేసింది. డైవింగ్‌కు ముందు ఒక పత్రం నింపమన్నారు. ఉబ్బసం ఉందా, గుండె జబ్బు ఉందా, చెవిపోటు ఉందా, ఇప్పుడు జలుబు ఉందా? ముక్కు దిబ్బడ వేసి ఉంటే చెవిలో ఒత్తిడి సమం కాదు, కర్ణభేరి దెబ్బతినవచ్చు. వరసలో మా వెనుక ఉన్న ఒకాయన, “లేదని రాసేయ్ బాబూ, ఇంత దూరం వచ్చి…” అన్నాడు.

బాబు మా వైపు చూశాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో మాకూ నోరు పెగలలేదు. వాడు రెండేళ్లుగా కలగన్న గంట అది. రాయమని మేము చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. వాడే ‘ఉంది’ అని రాసి కాగితం ఇచ్చాడు. వాళ్లు డబ్బు తిరిగి ఇచ్చి, “మళ్లీ రా తమ్ముడూ, సముద్రం ఎక్కడికీ పోదు” అన్నారు. వాడు తల ఊపి బయటికి వచ్చాడు. ఆ పూట అన్నం సరిగా తినలేదు.

సాయంత్రం రాధానగర్ తీరానికి వెళ్లాము. తెల్లని మెత్తని ఇసుక, వెనుక ఎత్తైన చెట్లు, ముందు లేత నీలం నీళ్లు. అవ్వ చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని అంచున నిలబడింది. అల వచ్చి పాదాలు తడిపితే ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. బాబు వెళ్లి చేయి పట్టుకున్నాడు. ఇద్దరూ మోకాళ్లదాకా దిగారు. అవ్వ దోసిట నీళ్లు తీసుకుని నాలుకకు అంటించుకుని ముఖం చిట్లించింది.

“ఇన్ని నీళ్లుండీ ఒక్క బిందెకు పనికిరాకపాయనే!” అని నవ్వింది.

తర్వాత ఒడ్డున కూర్చుంది. పొద్దు గుంకేదాకా లేవలేదు. లేవమని ఎవరూ అనలేదు. బాబు ఆమె పక్కనే కూర్చుని ఇసుకలో ఏదో గీస్తూ ఉన్నాడు. ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. బసకు వచ్చేసరికి వాడి ముఖం తేటపడింది, ఆకలేస్తోందన్నాడు.

మూడో రోజు రాత్రి మళ్లీ ఊరికి చేరాక ఆ ప్రశ్నార్థకం ఎదురుగా వచ్చి నిలబడింది. మా కారు డ్రైవరు తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వాడు. తెల్లవారి మూడింటికి బయలుదేరితే జిర్కాటాంగ్ దగ్గర ఆరింటికి కదిలే బండ్ల వరసలో చేరవచ్చన్నాడు. “గుహలు చూసుకుని సాయంత్రానికి వచ్చేయొచ్చు సార్. అదృష్టం బాగుంటే దారిలో జారవాలు కూడా కనిపిస్తారు.”

ప్రియ పాఠకులారా, దాచడం దేనికి? మాకు ఆశ పుట్టింది.

సున్నపురాయి గుహలైతే మనకు కొత్త కాదు. తాడిపత్రికి దగ్గరలోని బెలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా పొడవు, మన ఊరినుంచి ఉదయం వెళ్లి రాత్రికి రావచ్చు. కాబట్టి ఆశ పుట్టింది గుహల కోసం కాదు. ఆ అడవి మనుషులు కనబడతారేమోనని.

జారవాలు 2011 జనాభా లెక్కల్లో నాలుగు వందల లోపే. 1990ల చివరిదాకా బయటివారితో పొత్తు లేకుండా బతికారు. 1999లో వారిలో తట్టు వ్యాధి వ్యాపించింది. మనకు చిన్న జబ్బు అనిపించేది అలవాటులేని వారి ఒంటికి ప్రాణాంతకం. వారి అడవి గుండా పోయే రోడ్డును మూసివేయాలని సుప్రీంకోర్టు 2002లో ఆదేశించింది. అయినా బండ్లు నడుస్తూనే ఉన్నాయి. 2012లో, తిండి ఆశ చూపి జారవా స్త్రీలను ఆడించిన దృశ్యాలు బయటపడి లోకమంతా సిగ్గుపడింది. దారిలో ఆగకూడదు, ఫోటో తీయకూడదు, ఏమీ ఇవ్వకూడదు అని నియమాలు ఉన్నాయి. మేము ఇవన్నీ పాటిస్తాము కదా, కిటికీలోంచి చూస్తే తప్పేముంది అని మాలో మేము సర్దిచెప్పుకుంటున్నాము.

అవ్వ అంతా విని మెల్లగా చెప్పింది.

“నాకు ఆరేండ్లప్పుడు పెద్ద కరువు. యాభై రెండులో. గంజి కేంద్రం పెట్టినారు. ముంతలు పట్టుకుని వరసలో నిలబడింటిమి. ఎవరో కారులో వచ్చిరి. దిగలేదు. అద్దంలోంచి మమ్మల్ని చూసిరి, ఫోటో తీసుకుని పోయిరి. మా అమ్మ నన్ను కొంగు చాటుకు లాక్కునె. ఆ ఆకలి మరిచిపోతి. ఆ కారు అద్దం మాత్రం మరువలేదప్పా.”

ఇన్నేళ్లలో ఈ మాట ఆమె నోట మేము వినలేదు. పాప లేచి వెళ్లి కాగితం మీద ప్రశ్నార్థకాన్ని, దాని పక్కనున్న పేరును కలిపి గీత కొట్టేసింది. డ్రైవరు కూడా ఇంకేమీ అనలేదు.

అలా నాలుగో రోజు మాకు మిగిలింది. ఉదయం అబర్డీన్ రేవు నుంచి కొద్ది నిమిషాల పడవలో రాస్ దీవికి వెళ్లాము. ఇప్పుడది నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్. 1941 భూకంపం దాకా తెల్లదొరల పరిపాలన అక్కడినుంచే. ఇప్పుడు గోడలన్నిటినీ చెట్ల వేర్లు చుట్టుకున్నాయి. పైకప్పు లేని పాత చర్చి గోడల మధ్య మేమూ కాసేపు మౌనంగా నిలబడ్డాము. పాప చేతి దగ్గరకే జింక వచ్చింది. ఆమె బిందె నిండింది.

మధ్యాహ్నం ఏ పనీ లేదు. రేవు దగ్గర టీ దుకాణంలో కూర్చుంటే ఆ ఇల్లాలు మా మాట విని తెలుగులోనే పలకరించింది. 2011 లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూరుమందిలో సుమారు పదముగ్గురి మాతృభాష తెలుగు. అవ్వ “ఈడ వాన బాగా పడుతుందంట కదమ్మా?” అని అడిగింది.

“పడటానికేం అమ్మా, బోలెడు. కానీ వేసవొస్తే ధనికారి డ్యామ్ అడుగంటిపోద్ది. మాకూ రోజు విడిచి రోజే కుళాయి.”

అవ్వ ఆశ్చర్యపోయింది. మన కంటే అయిదు రెట్లు, ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట కూడా బిందెల వరసేనా! నిలవ ఉంచే చోటు తక్కువైతే ఎంత కురిసినా సముద్రం పాలే కదా. ముందు ఏ బిందె నింపుతావని ఈమె, నీళ్లు ఎలా కాపాడుకుంటారని ఆమె, రెండు గంటలు మాట్లాడుకున్నారు. మేము పక్కన కూర్చుని రెండు టీలు తాగాము. మా యాత్రలో ఏ కాగితంలోనూ లేని చోటు అదే.

వెళ్లదలచిన వారికి రెండు మాటలు. కుటుంబంలో అందరికంటే మెల్లగా నడిచేవారిని బట్టి రోజును కొలవండి. ఓడ ప్రయాణం ఉన్న రోజున మరో పెద్ద పని పెట్టుకోకండి. గవ్వలు, పగడపు ముక్కలు ఏరి తేకండి, పగడాలు తేవడం చట్టరీత్యా నేరం. 2010లో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు చాలా తెల్లబారిపోయాయి. మిగిలినవాటి మీద మన పాదం పడకుండా చూసుకుంటే చాలు. ఒక పూట ఖాళీగా ఉంచండి.

గుంతకల్లులో దిగిన మరునాడు పక్కింటివారు వచ్చి కాగితం తిరగేసి, “పద్నాలుగులో నాలుగే చూసినారా? అంత డబ్బు పెట్టి?” అన్నారు. మేము లెక్కచెప్పేలోగా కుళాయి వచ్చింది. అవ్వ కొంగు దోపుకుని లేస్తూ, “ఉండండమ్మా, ముందు తాగేనీళ్ల బిందె పట్టల్ల” అంటూ పెరట్లోకి నడిచింది. బాబు ఆమె చేతిలోంచి బిందె అందుకున్నాడు.