నిమిషాల అమానతు

లండనులో డిసెంబరు పగలు చాలా కురచ. మూడో వారానికి సూర్యోదయం ఉదయం 8 గంటలకు అవుతుంది. సాయంత్రం 4 కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. ఫజ్ర్ నమాజు ముగించుకొని కిటికీ తెర తొలగించినా బయట ఇంకా చీకటే. మధ్యాహ్నం 12 దాటగానే జుహర్, 2 దాటగానే అసర్, 4 కొట్టక ముందే మగ్రిబ్. మూడు నమాజులు నాలుగు గంటల వ్యవధిలోనే వరుసగా వచ్చి నిలుస్తాయి. ఇదే ఊరిలో జూన్ మాసంలో రాత్రి 9 గంటల తరువాత గానీ పొద్దు గుంకదు. అందువల్ల ఇక్కడి ముస్లిం కుటుంబాలు శీతాకాలపు శని, ఆదివారాలను పొదుపరి గృహిణి ఇంటి ఖర్చును చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోవలసి వస్తుంది. బట్టలు ఉతుక్కోవటం, వారానికి సరిపడా సరుకులు తెచ్చుకోవటం, పిల్లల ఖుర్ఆన్ పాఠం, స్వదేశంలోని బంధువులతో ఫోను, స్నేహితుల రాకపోకలు అన్నీ ఆ రెండు రోజుల్లోనే జరగాలి.

హౌన్స్లోలో నివసించే మా కుటుంబం ఇంతటి ఇరుకైన వారాంతంలోనూ నెలకు రెండు శనివారాలు, ఉదయం పూట కొన్ని గంటలు, ముక్కూమొహం తెలియని మనుషుల కోసం తీసిపెడుతుంది. బుషీ పార్కులో జరిగే ఐదు కిలోమీటర్ల పరుగులో పాల్గొనేవారి సమయాన్ని నమోదు చేయటం మేము ఎంచుకున్న సేవ. కర్నూలు నుంచి వచ్చి మా వద్ద ఉంటున్న అమ్మీకి ఇది మొదట్లో వింతగా తోచింది. “నమాజులకే వేళ చాలటం లేదంటారు. మరి ఎవరో పరుగెత్తితే వాళ్ళ నిమిషాలు మీరెందుకు లెక్కపెట్టాలి బేటా?” అని ఆమె అడిగారు. అది తేలిగ్గా కొట్టివేయదగిన ప్రశ్న కాదు. మన కాలానికి మనం లెక్క చెప్పుకోవలసి ఉన్నదని నమ్మే ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న రావలసిందే.

బుషీ పార్కు లండనులోని రాచ ఉద్యానవనాల్లో రిచ్‌మండ్ పార్కు తరువాత పెద్దది. దాని విస్తీర్ణం దాదాపు 1,100 ఎకరాలు. హాంప్టన్ కోర్టు రాజభవనానికి ఉత్తరాన, రోడ్డు దాటగానే అది మొదలవుతుంది. పార్కును నిలువునా చీల్చుకుంటూ పోయే చెస్ట్‌నట్ చెట్ల బాటను ఆ భవనానికి రాచమార్గంగా రూపొందించినవాడు ప్రసిద్ధ వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్. చలికాలపు ఉదయం ఆకులు రాలిన ఆ చెట్ల కింద పొగమంచు నేలను అంటిపెట్టుకొని ఉంటుంది. వందల సంఖ్యలో ఉన్న జింకలు మనుషుల అలికిడిని పట్టించుకోకుండా గడ్డి మేస్తుంటాయి.

రాజుల పేర్లు నిండిన ఈ పార్కులో ఒక చెప్పులు కుట్టే మనిషి పేరు కూడా నిలిచి ఉన్నది. టిమతీ బెన్నెట్ హాంప్టన్ విక్ గ్రామ నివాసి. ప్రజలు నడిచే దారిని పార్కు అధికారియైన ప్రభువు మూసివేయగా, 1752 నాటికి 75 ఏళ్ళ వయసులో ఉన్న ఆ వృద్ధుడు న్యాయపోరాటానికి పూనుకొన్నాడు. దాచుకున్న సొమ్ము ఖర్చయినా వెనుదీయనన్నాడు. చివరకు దారి తెరుచుకొన్నది. పార్కులో నేటికీ ఒక బాటను ‘చెప్పులు కుట్టేవాని నడక’ అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. ఆ బాటలో నడిచేవారిలో చాలామందికి ఆయనెవరో తెలియకపోవచ్చు. దారి మాత్రం వారికి ఉపయోగపడుతూనే ఉన్నది.

మేము సేవ చేసే పరుగు కూడా చిన్నగానే మొదలైంది. 2004 అక్టోబరు 2న పాల్ సింటన్-హ్యూయిట్ అనే వ్యక్తి ఈ పార్కులో తొలి పరుగు నిర్వహించాడు. గాయం వల్ల తాను పరుగెత్తలేని స్థితిలో ఉండి, మిత్రులకు దూరం కాకూడదన్న కోరికతో వారి కోసం గడియారం పట్టుకొని నిలబడ్డాడు. ఆనాడు పరుగెత్తినవారు 13 మంది. ఫలితాలు కాగితం మీద రాసుకొన్నారు. వచ్చిన వరుసను గుర్తించేందుకు ఇనుప సామాను దుకాణంలో దొరికే వాషర్లనే బిళ్ళలుగా వాడారు. అదే నేడు ‘పార్క్‌రన్’ పేరుతో అనేక దేశాల్లో జరుగుతున్నది. ప్రవేశ రుసుము లేదు. ఇంగ్లాండులో ప్రతి శనివారం ఉదయం 9 గంటలకు మొదలవుతుంది. బుషీ పార్కులో ఇప్పుడు వెయ్యి మందికి పైగా వస్తుంటారు. అందరూ పరుగెత్తాలన్న నియమం లేదు. నడిచేవారున్నారు, పసిపిల్లలను తోపుడుబండిలో కూర్చోబెట్టుకొని వచ్చే తల్లులున్నారు. మా ఇంటి స్త్రీలు నిండు దుస్తులతో, తలపై స్కార్ఫ్‌తోనే నడుస్తారు.

సమయ నమోదు పైకి సులభంగా కనిపించే పని. ముగింపు గీత వద్ద నిలబడి, గీత దాటిన ప్రతి మనిషికీ ఫోనులోని మీటను ఒక్కసారి నొక్కాలి. ఫోను వరుస సంఖ్యనూ సమయాన్నీ భద్రపరుస్తుంది. గీత దాటినవారు తాళ్ళు కట్టిన సన్నని దారిలో అదే వరుసలో ముందుకు సాగి, తమ స్థానాన్ని తెలిపే టోకెన్ తీసుకొంటారు. మరొక సేవకుడు ఆ టోకెన్ మీది బార్‌కోడునూ, ఆ వ్యక్తి వెంట తెచ్చుకొన్న బార్‌కోడునూ చదివిస్తాడు. చివరకు పేరు, స్థానం, సమయం మూడూ కంప్యూటరులో ఒకచోట చేరుతాయి. గడియారం పట్టినవానికి ఎవరి పేరూ తెలియదు. రద్దీ నిమిషాల్లో సెకనుకొకరు వస్తుంటారు. అప్పుడు ఒక్క నొక్కు ఎక్కువైతే, ఆ తరువాత వచ్చిన వారందరి సమయాలూ ఒక మెట్టు జరిగి ఇతరుల ఖాతాలో పడతాయి. అందుకే ఇద్దరు వేర్వేరుగా లెక్కిస్తారు. తరువాత రెండింటినీ సరిపోల్చుకొంటారు. ఆ అరగంట పాటు పక్కనున్నవారితో మాట్లాడటానికి వీలుండదు, చలికి చేతులు జేబులో పెట్టుకోవటానికీ వీలుండదు. అమానతు అనే మాటకు అర్థం పిల్లలకు చెప్పవలసి వచ్చినప్పుడు మాకు ఇంతకంటే మంచి పాఠం దొరకలేదు.

కాలాన్ని కొలిచే విద్యకు ఈ ప్రాంతం పెట్టింది పేరు. పార్కు అంచున, టెడింగ్టన్ వైపు, బ్రిటన్ జాతీయ భౌతిక ప్రయోగశాల ఉన్నది. కచ్చితంగా పనిచేసిన తొలి సీజియం పరమాణు గడియారాన్ని 1955లో లూయిస్ ఎస్సెన్, జాక్ ప్యారీ అక్కడే నిర్మించారు. మూడు వందల ఏళ్ళకు ఒక సెకను మించి తేడా రానంత నిక్కచ్చి గడియారం అది. 1967లో సీజియం పరమాణువు 9,192,631,770 కంపనాలకు పట్టే కాలమే ఒక సెకను అని ప్రపంచ దేశాలు అంగీకరించాయి.

ఈ సంగతి చెప్పేటప్పుడు మా పిల్లలకు మరొక పేరు కూడా చెబుతాము. ఇస్లామీయ నగరాల్లోని పెద్ద మస్జిదులలో నమాజు వేళలను నిర్ణయించేందుకు ‘మువక్కిత్’ అనే ప్రత్యేక ఉద్యోగి ఉండేవాడు. డమాస్కస్ ఉమయ్యద్ మస్జిదులో ఆ బాధ్యత వహించిన ఇబ్నుష్షాతిర్ గొప్ప ఖగోళ శాస్త్రవేత్త. ఆ మస్జిదు మీనారు కోసం ఆయన 1371లో ఒక అద్భుతమైన నీడ గడియారాన్ని తయారుచేశాడు. ఊరి ప్రజలు సకాలంలో నమాజు చేసుకొనేందుకు ఒక మనిషి నీడను, నక్షత్రాలను గమనిస్తూ కూర్చునేవాడన్నమాట. ఇతరుల వేళను కాపాడటం కూడా ఒక గౌరవప్రదమైన వృత్తిగా మన చరిత్రలో సాగింది.

గత డిసెంబరులో ఒక శనివారం అమ్మీ కూడా మా వెంట వచ్చారు. ఆ రోజు మా పదిహేనేళ్ళ కూతురు రెండో గడియారం పట్టింది. మొదటి యువకుడు పదహారు నిమిషాల్లో గీత దాటాడు. తరువాత గుంపులు, ఆపై ఒంటరి మనుషులు. గంట గడిచింది. తాళ్ళు విప్పే వేళకు దూరంగా ఒక వృద్ధురాలు చేతికర్ర ఆసరాతో వస్తూ కనిపించింది. ఆమె వెనుక రంగు చొక్కా వేసుకొన్న ఒక సేవకుడు నడుస్తున్నాడు. ఎవరూ చివరివారమని చిన్నబుచ్చుకోకుండా, అందరికంటే వెనుక ఒక సేవకుడే నడవాలన్నది ఇక్కడి ఏర్పాటు.

“ఈమె నిమిషాలు కూడా రాశావా?” అని అమ్మీ అడిగారు.

“రాశాను దాదీ. మొదట వచ్చినతనికి ఎలా నొక్కానో ఈమెకూ అలాగే నొక్కాను,” అన్నది మా అమ్మాయి.

అమ్మీ మరేమీ అనలేదు. ఆ వృద్ధురాలి దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకొని తెలుగులోనే ఏదో అన్నారు. ఆమె ఇంగ్లీషులో ఏదో బదులు చెప్పింది. ఇద్దరూ నవ్వుకొన్నారు.

పదిన్నరకల్లా పని ముగిసింది. ఏ కాలంలోనైనా ఈ పరుగు వేళ సూర్యోదయానికీ జుహర్‌కూ నడుమనే పడుతుంది. ఏ ఫర్జ్ నమాజుకూ అడ్డు రాదు. మేము ఈ సేవను ఎంచుకోవటానికి అదొక ముఖ్య కారణం. తిరుగుదారిలో హలాల్ మాంసం, కూరగాయలు కొనుక్కొని జుహర్ వేళకు ఇల్లు చేరాము. అక్కడి నుంచి ఇంటి పనులు. బాబు బట్టలు యంత్రంలో వేశాడు, అమ్మాయి బడి దుస్తులు ఇస్త్రీ చేసింది. మా 2 గంటలకు కర్నూలులో రాత్రి ఏడున్నర గనుక, అసర్‌కు ముందే అమ్మీ తన చెల్లెలితో ఫోనులో మాట్లాడి, కర్ర పట్టుకొని నడిచిన ఆ ముసలావిడ కథంతా చెప్పారు.

చలికాలపు రాత్రి పొడుగు కావటంలో ఒక మేలున్నది. మగ్రిబ్ తరువాత మూడు తెలుగు కుటుంబాలు మా ఇంటికి భోజనానికి వచ్చాయి. బగారా అన్నం, దాల్చా, డబల్ కా మీఠా తిని, ఇషా జమాఅతుతో ముగించినా గడియారం ఇంకా 8 దాటలేదు. హైదరాబాదు చాదర్‌ఘాట్ ప్రాంతంలో పెరిగిన ఒక మిత్రుడు, తమ పేట బడికి ఒకప్పుడు ప్రిన్సిపాల్‌గా ఉన్న ఇంగ్లీషు ముస్లిం సమాధి ఇక్కడికి దగ్గరలోనే ఉన్నదని గుర్తుచేశాడు. ఆదివారం అందరమూ కలిసి వెళ్ళాలని అప్పుడే నిశ్చయమైంది.

ముందుగా రైలులో వోకింగ్ పట్టణానికి వెళ్ళాము. స్టేషను నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో షాజహాన్ మస్జిదు ఉన్నది. మస్జిదుగానే ఉద్దేశించి బ్రిటన్‌లో కట్టిన మొట్టమొదటి భవనం ఇది. 1889లో పూర్తయింది. కట్టించినవాడు లాహోరులో విద్యాధికారిగా పనిచేసి వచ్చిన లైట్నర్ అనే పండితుడు; ధనసహాయం చేసిన మహనీయురాలు భోపాల్ పాలకురాలు షాజహాన్ బేగం. పచ్చని గుంబదు, తెల్లని గోడలతో చిన్నగా, ముచ్చటగా ఉండే ఆ మందిరంలో జుహర్ నమాజు చేశాము. తాను కాలుమోపని ఊళ్ళో, తానెరుగని తరాల కోసం ఒక స్త్రీ చేసిన ఏర్పాటులో మా అమ్మీ సజ్దా చేశారు.

వోకింగ్ తరువాతి స్టేషను బ్రూక్‌వుడ్. 1854లో ప్రారంభమైన అక్కడి విశాలమైన శ్మశానవాటికలో ముస్లింలకు ప్రత్యేక భాగమున్నది. మార్మడ్యూక్ పిక్తాల్ సమాధి అందులోనే ఉన్నది. 1917లో తన ఇస్లాం స్వీకరణను బహిరంగంగా ప్రకటించిన ఆ ఆంగ్ల రచయిత 1925లో నిజాం కొలువులో చేరి, చాదర్‌ఘాట్ హైస్కూలు ప్రిన్సిపాల్‌గానూ, ‘ఇస్లామిక్ కల్చర్’ పత్రిక సంపాదకుడిగానూ పనిచేశాడు. ఖుర్ఆన్ అనువాదం పూర్తి చేసుకొనేందుకు నిజాం ఆయనకు జీతంతో కూడిన సెలవు మంజూరు చేశాడు. ఆ అనువాదం 1930లో వెలువడింది. 1936లో ఆయన మరణించాడు. ఖుర్ఆన్‌ను ఇంగ్లీషులోకి అనువదించిన మరో మహానుభావుడు అబ్దుల్లాహ్ యూసుఫ్ అలీ కూడా ఇక్కడే శాశ్వత విశ్రాంతి పొందుతున్నారు. 1953 డిసెంబరులో, ఇలాంటి చలి రోజుల్లోనే, ఆయన లండనులో నిరాశ్రయ స్థితిలో కన్నుమూశారు. చివరి దశలో ఆయనను పలకరించినవారు లేకపోయినా, ఆయన వెచ్చించిన ఏళ్ళ ఫలితం లక్షల ఇళ్ళలోని అలమరలలో ఉన్నది. సమాధుల వద్ద సలాం చెప్పి, మగ్ఫిరత్ కోసం దుఆ చేసి, వేళ మించిపోకముందే అసర్ నెరవేర్చి తిరుగు రైలెక్కాము.

ఆ రాత్రి పిల్లలు వారాంతపు పనుల జాబితాలో చేసినవాటి మీద గీతలు కొట్టారు. ఉతికిన బట్టలు వారం తిరిగేలోగా మళ్ళీ మాస్తాయి, తెచ్చిన సరుకులు నిండుకుంటాయి. అవి చేయక తప్పదు. కుటుంబం కోసం చేసే ఆ పనులకూ అల్లాహ్ వద్ద పుణ్యమున్నది. ఇతరులకు ఇచ్చిన గంటలు మాత్రం మనం మరచిపోయిన తరువాత కూడా ఎవరికో ఒకరికి ఉపయోగపడుతుంటాయి. చెప్పులు కుట్టే వృద్ధుని బాట, భోపాల్ బేగం మస్జిదు, బ్రూక్‌వుడ్‌లో విశ్రమించిన అనువాదకుల శ్రమ అన్నీ అటువంటివే. ముగింపు గీత వద్ద ఒక నొక్కు వాటి ముందు ఎంతో అల్పమైనది. అయినా చిన్న అమానతును నిలుపుకోవటం అలవడని చేతికి పెద్ద అమానతు దక్కదు.

మన ఊళ్ళలోనూ ఇటువంటి పనులకు కొదువ లేదు. బడి ఆటల పోటీల్లో గడియారం పట్టటం, రక్తదాన శిబిరంలో పేర్లు రాయటం, ఆసుపత్రి వరుసలో నిలబడలేని ముసలివారికి చీటీ తెచ్చిపెట్టటం, ఇవన్నీ ఫజ్ర్‌కూ జుహర్‌కూ నడుమ చేయదగినవే. నెలకు ఒక ఉదయం చాలు. అమ్మీ కర్నూలుకు తిరిగి వెళ్ళేముందు, వచ్చే శనివారానికి మా జాబితాలో తన పేరు కూడా రాయమన్నారు. పరుగెత్తేవారికి టోకెన్లు అందించే పని ఆమెకు దక్కింది.

మన కాలాన్ని మేలైన పనుల్లో వెచ్చించే భాగ్యాన్ని, చిట్టచివర నడిచే మనిషి కోసం కూడా వేచి ఉండే ఓర్పును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.