మైనంలో మిగిలిన గొంతులు

న్యూజెర్సీలోని ఎడిసన్ అనగానే మనవాళ్ళకు ఓక్ ట్రీ రోడ్డు, అక్కడి దోసెల హోటళ్ళు, కిరాణా కొట్లు గుర్తొస్తాయి. మా అమ్మాయి వాళ్ళ ఇల్లూ ఆ దగ్గర్లోనే. 1954 దాకా ఆ ఊరి పేరు రారిటన్. థామస్ ఎడిసన్ ప్రయోగశాల ఒకప్పుడు అక్కడి మెన్లో పార్క్‌లో ఉండేది కనుక ఆయన పేరు పెట్టుకున్నారు. ఆ ప్రయోగశాల ఇప్పుడు అక్కడ లేదు, హెన్రీ ఫోర్డ్ దాన్ని మిషిగన్‌కు తరలించుకుపోయాడు. మిగిలినవి ఒక స్మారక స్తంభం, చిన్న మ్యూజియం. 1877 డిసెంబరులో మనిషి మాట మొదటిసారి యంత్రంలోంచి తిరిగి వినబడింది ఆ నేల మీదే. గాడి తీసిన ఇత్తడి సిలిండరుకు తగరపు రేకు చుట్టి, చేత్తో తిప్పుతూ, ఎడిసన్ చిన్నపిల్లల పాట ఒకటి చెప్పాడు. నాలుగైదు సార్లు వింటే రేకు అరిగిపోయేది.

అసలు చూడాల్సింది వెస్ట్ ఆరెంజ్‌లో ఉందని, శనివారం పొద్దున్నే అందరం కారులో బయలుదేరాం. గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద గంటలోపు ప్రయాణం. 1887లో ఎడిసన్ కట్టించుకున్న ఎర్ర ఇటుకల ప్రయోగశాలలు ఇప్పుడు జాతీయ ఉద్యానవనాల శాఖ చేతిలో ఉన్నాయి. లోపలికి అడుగు పెట్టగానే ఆయన గ్రంథాలయం. మూడంతస్తుల ఎత్తున పుస్తకాలు, మధ్యలో బల్ల, ఒక మూల ఆయన కునుకు తీసే చిన్న మంచం.

ఆ మంచం దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. దాని వెనక బీరువాలో ఒక చెక్కపెట్టె 1957లో దొరికింది. అందులో మైనపు సిలిండర్లు ఉన్నాయి. ఎవరి గొంతులో, ఏ ఊళ్ళో పట్టినవో రాసిన చీటీ ఏదీ లేదు. అరవయ్యేళ్ళకు పైగా చీకట్లో ఉండి, మరో యాభయ్యేళ్ళకు పైగా ఎవరివో తెలియకుండా ఉండిపోయాయి. చివరికి వాటిని డిజిటల్‌లోకి ఎక్కించి విన్నప్పుడు, ఎడిసన్ మనిషి థియో వాంగెమన్ 1889లో జర్మనీ తిరిగి పట్టుకొచ్చిన గొంతులని తేలింది. ఒకటి జర్మన్ ఛాన్సలర్ బిస్మార్క్‌ది. ఆయన ఊరి పేరు, తేదీ సిలిండరు మొదట్లోనే పలికి ఉండటం గుర్తుపట్టడానికి సాయపడింది. మరొకటి సేనాధిపతి మోల్ట్‌కేది. 88 ఏళ్ళ వయసులో ఆయన షేక్‌స్పియర్, గేటే నాటకాల్లోంచి కొన్ని పంక్తులు చదివాడు. పార్కు వారు అందరికీ అందుబాటులో పెట్టిన ఆ రికార్డింగును ముందు రోజు రాత్రే విన్నాను. మోల్ట్‌కే పుట్టింది 1800లో. త్యాగరాజస్వామి 1847లో కాలం చేసేనాటికి ఆయనకు 46 ఏళ్ళు. త్యాగరాజుతో ఒకే కాలంలో బతికిన ఒక మనిషి గొంతు నా చెవిన పడింది! ఆ మాటల అర్థం నాకు తెలియదు. ముసలి గొంతులోని వణుకు మాత్రం స్పష్టంగా తెలిసింది.

మూడో అంతస్తు నిండా ఫోనోగ్రాఫులే. ఒక రేంజరమ్మ యంత్రానికి కీ ఇచ్చి సిలిండరు పెట్టింది. దగ్గరికి వంగి చూస్తే మైనం మీద సన్నని గీతలు, అంగుళానికి వంద. ముల్లు వాటి మీదుగా నెమ్మదిగా జరుగుతుంటే గరగర, దాని వెనక బాండు మేళం. రెండు నిమిషాల్లో పాట అయిపోయింది. కరెంటు లేదు, మైకు లేదు. బూరాలోకి పాడినవాడి ఊపిరి బలమే మైనాన్ని గీసింది. తొలిరోజుల్లో అచ్చులు పోసే పద్ధతి కూడా లేదు. నాలుగైదు యంత్రాలు వరసగా పెట్టి, గాయకుడు అదే పాట మళ్ళీ మళ్ళీ పాడాలి. అచ్చు సిలిండర్లు 1902 నాటికి గాని బాగా బజారులోకి రాలేదు. అంతకు ముందు అమ్ముడుపోయిన సిలిండర్ల వెనక ఎన్ని గొంతులు అరిగిపోయాయో!

పక్కనే సంగీతపు గది. పాడేవాళ్ళను ఎడిసన్ ఇక్కడే పరీక్షించేవాడు. చిన్నప్పటి నుంచీ ఆయనకు వినికిడి తక్కువ. పియానో చెక్కనో, ఫోనోగ్రాఫు చెక్కనో పంటితో కరిచి పట్టుకుని, పుర్రె ఎముకల ద్వారా విని, ఎవరు బాగా పాడారో ఆయనే తేల్చేవాడు. ఇది వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, ఆయన వల్ల గాయకులకు అన్యాయం కూడా జరిగింది. పేరున్న గాయకులకు పెద్ద మొత్తాలివ్వడం ఆయనకు గిట్టదు. 1912లో వచ్చిన ఆయన డైమండ్ డిస్కుల మీద మొదట్లో పాట పేరు ఉండేది, పాడినవారి పేరు ఉండేది కాదు. పావు అంగుళం మందం, ఎదుటి కంపెనీల రికార్డుల కంటే నిండైన ధ్వని. అయినా జనం గాయకుడు కరూసో పేరు చూసి విక్టర్ కంపెనీ రికార్డులే కొన్నారు. 1929 అక్టోబరులో ఎడిసన్ రికార్డుల తయారీ ఆగిపోయింది. జనం చేసింది సబబేనని నా అభిప్రాయం. గొంతు తీసుకుని పేరు వదిలెయ్యడం ఎవరు చేసినా తప్పే.

మన రికార్డుల సంగతి చూడండి. ఒక పద్యాన్ని రాగాలతో సాగదీసి, వన్స్‌మోర్ అంటే మళ్ళీ ఎత్తుకునే రంగస్థల గాయకులు, బూరా ముందుకొచ్చేసరికి మూడు నిమిషాల్లో ముగించాల్సి వచ్చింది. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాలు రంగస్థలం చూడని పల్లెలకూ చేరింది ఆ మూడు నిమిషాల వల్లే. రికార్డు పోసిన లక్క కూడా చాలావరకు మన దేశపు అడవులదే.

తిరుగు దారిలో ఇదంతా చెబుతూ గాయని గౌహర్ జాన్ ప్రస్తావన తెచ్చాను. 1902 నవంబరులో కలకత్తాలో ఒక హోటలు గదిలో ఆమె చేత పాడించి, ఆ మూలప్రతులను జర్మనీలోని హానోవర్‌కు పంపారు. అక్కడ రికార్డులు పోసేవాళ్ళకు ఎవరిదో తెలియాలని, పాట చివర ఆమె తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పేది.

"ఆ రికార్డు ఇప్పుడు దొరుకుతుందా మామయ్యగారూ?" అంటూనే మా అల్లుడు ఫోనులో వెతికి కారు స్పీకర్లలో పెట్టాడు. తీగ లాంటి తాన్, గరగర, ఆపైన చటుక్కున ఆ పేరు, బిగ్గరగా, ఠీవిగా. వెనక సీట్లో మా మనవరాలు ఒక్కసారి నిటారుగా కూర్చుంది.

"ఆమె మనతోనే చెప్పింది కదా తాతయ్యా! మళ్ళీ పెట్టు నాన్నా," అంది.